క్రేనమ్మ నడుం

నా తమ్ముడి భార్యను పనిచేసే చోట అందరూ క్రేనమ్మ అని పిలిచేవారు. ఆమె పనిచేసేది ముసలివాళ్ళను చూసుకునే హోమ్‌లో. మనిషికి యంత్రం పేరు పెట్టారంటే ఆ యంత్రం ఇక కొనరని అర్థం. ఈ మాట నేను మొదట్లోనే అన్నాను. "ముద్దుగా పిలుస్తారు వదినా, మీకన్నీ వంకరగానే కనిపిస్తాయి" అని నవ్వేసి, చెప్పులు వేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది నా మరదలు.

ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. మా ఆయన పోయాక తమ్ముడింటికి చేరాను కాబట్టి ఆ సామెతను నిజం చేసే అవకాశం నాకు బాగానే దొరికింది. ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని కర్టెన్లూ దిండు గలీబులూ కుడతాను. కుడుతూ అందరి మీదా అరుస్తాను. తమ్ముడు బస్సు డ్రైవరు. రోడ్డు మీద హారనుతో మాట్లాడడం అలవాటై వాడికి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. వాళ్ళకి పిల్లలు లేరు. నా మరదలా, నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా తన కాలు తొక్కితే, మీకేమైనా తగిలిందా అని తొక్కినవాళ్ళనే అడిగే రకం. అందుకని మా ముగ్గురి తరఫునా మాట్లాడే పని నేనే పెట్టుకున్నాను.

ఆమె పని ఏమిటంటే మనుషుల్ని ఎత్తడం. పొద్దున మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదికి, అక్కణ్ణుంచి మళ్ళీ కుర్చీలోకి, మధ్యాహ్నం భోజనమయ్యాక తిరిగి మంచం మీదికి. తినిపించడం, ఒళ్ళు తుడవడం, పక్కలు మార్చడం, ఇవన్నీ ఎత్తడానికీ ఎత్తడానికీ మధ్య దొరికే విశ్రాంతి అనేది. ఒకసారి నా మీదే చేసి చూపించింది. తన పాదం నా రెండు పాదాల మధ్య పెట్టి, చేతులు నా చంకల కిందుగా పోనిచ్చి, "మెడ పట్టుకోకండి వదినా, నడుం పట్టుకోండి. పట్టుకుని నా మీద వాలిపోండి" అంది. నేనేమీ సన్నటి మనిషిని కాను. కుర్చీలోంచి లేపి, అరచుట్టు తిప్పి, పసిపిల్లని దింపినట్టు మంచం మీద దింపింది. నాకు ఆ క్షణంలో ఎందుకో కళ్ళనీళ్ళు తిరిగాయి. బయటపడకుండా, నా చీర నలిపేశావని కసిరాను.

హోమ్‌లో గోడ మీద ఒక బొమ్మ అంటించి ఉంటుంది. ఇద్దరు ఆడవాళ్ళు చెరోపక్కా నిలబడి నవ్వుతూ ఒక ముసలాయన్ని లేపుతూ ఉంటారు. కింద, ఎవరినీ ఒంటరిగా ఎత్తరాదు అని పెద్ద అక్షరాలు. మంచి మాటే. కాని ఆ నవ్వే ఇద్దరూ గోడ మీదే ఉండిపోయారు, వార్డులోకి దిగి రాలేదు. నా మరదలికి ఒక జోడీ ఉండేది. అక్కడ ఎవరి జతను వాళ్ళు జోడీ అనే పిలుచుకుంటారు. ఆ జోడీని పూటకొకసారి వేరే అంతస్తుకి పంపేవారు, అక్కడ ఇంకా తక్కువమంది ఉన్నారని. ఎత్తే మిషను ఒకటి ఉండేది పాపం. దాని పట్టీ తెగిపోతే, కొత్త పట్టీ వచ్చేలోపు బ్యాటరీ చచ్చిపోయింది. వరండా మూల దుప్పటి కప్పుకుని అది కూడా అక్కడి ముసలివాళ్ళలో ఒకటై కూర్చుంది.

ఆ హోమ్‌లో లాయరుగారని ఒకాయన ఉండేవారు. ఎడమపక్క పడిపోయిన భారీ మనిషి. ఒకరోజు జోడీ సెలవులో ఉంది. స్నానం అయ్యాక కుర్చీలోకి మార్చబోతుంటే, ఆయన సబ్బు చేత్తో పట్టుకున్న కడ్డీ వదిలేశారు. ఆయన తల వెనకాలే సిమెంటు గట్టు. ఆమె వదిలేసి పక్కకి తప్పుకుంటే ఆమె నడుం బాగుండేది, ఆయన తల పగిలేది. వదల్లేదు. వంగిన నడుంతోనే ఆయన బరువంతా ఆపుకుని, ఎవరైనా రండి రండి అని అరుస్తూ నిలబడింది. చాలాసేపటికి వంటమనిషి పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. ఈలోపే నడుంలో తాడు ఫట్టున తెగినట్టయిందని, ఆ చప్పుడు తనకి వినిపించిందని నా మరదలు ఇప్పటికీ చెబుతుంది.

సూపర్‌వైజరమ్మ వచ్చి మొదట అడిగిన మాట ఏమిటనుకున్నారు? "ఒక్కదానివే ఎందుకు ఎత్తావు? ఇద్దరుండాలని గోడ మీద ఉంది కదా" అని. అదీ వరస. చేయించేటప్పుడు గోడ వైపు చూడరు, దెబ్బ తగిలాక మాత్రం వేలుపెట్టి చూపిస్తారు. నేను వెళ్ళి కడిగేస్తానంటే మరదలు నా చెంగు పట్టుకుని ఆపింది.

వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ జారిందని, అది నరాన్ని నొక్కుతోందని డాక్టరు చెప్పాడు. కుడికాలు ఉండుండి మొద్దుబారేది. ఇంకోసారి పెద్ద బరువు పడితే ఆ కాలు మీద ఆశ వదులుకోవాలని కూడా చెప్పాడు. అలా మొదలైంది సిక్ లీవు.

మొదట్లో అందరూ పలకరించారు. పళ్ళు పట్టుకుని వచ్చారు. రానురాను ఆ పళ్ళు తగ్గి ప్రశ్నలు పెరిగాయి. కాలు విరిగితే కట్టు ఉంటుంది, చెయ్యి కాలితే బొబ్బ ఉంటుంది. నడుం నొప్పికి ఏముంటుంది చూపించడానికి? ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నారు పెద్దలు. మా ఎదురింటి మెట్ల మీద పొద్దస్తమానం కూర్చునే ఒకావిడ ఉంది, మేం మెట్లావిడ అంటాం. ఆవిడ ఒకరోజు నన్నాపి, "నిన్న మీ మరదలు కొట్టుకి నడిచి వెళ్ళిందే, బాగానే ఉందిగా" అంది. "వెళ్ళడం నువ్వు చూశావు. వచ్చాక చాప మీద పడి దిండు కొరుక్కోవడం నేను చూశాను. ఇద్దరం సగం సగం చూశాం" అన్నాను. ఆవిడ ఆ తరవాత కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు, నాకూ ప్రాణం హాయిగా ఉంది.

ఇంట్లో ఎలా ఉండేదో చెప్పాలి. కూర్చుంటే నొప్పి, నిలబడితే నొప్పి. పడుకుంటే కాస్త నయం గాని, లేవడమే ఒక యజ్ఞం. ముందు పక్కకి తిరిగి, మోకాళ్ళు మంచం అంచు దాటించి, మోచేతి మీద ఆని, కుర్చీ వీపు పట్టుకుని, పళ్ళ బిగువున లేచేది. లేచాక మొహం కడుక్కుని, ఏమీ జరగనట్టు నా దగ్గరికొచ్చి దారపు రీళ్ళు సర్దేది. కాలి గోళ్ళు అందవు కాబట్టి నేనే తీసేదాన్ని. తీస్తున్నంతసేపూ మొహం గోడవైపు తిప్పుకునేది. ఎంతోమంది ఒళ్ళు తుడిచిన మనిషి, తన గోళ్ళు ఇంకొకరు తీస్తుంటే తట్టుకోలేకపోయింది. "పెద్దవారు మీరు, నా కాళ్ళు పట్టుకోవడమేమిటి" అనేది. "నోరు ముయ్యి, కదిలావంటే వేలు తెగుతుంది" అనేదాన్ని.

ఒకనాడు తమ్ముడు వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "అక్కా, నిజంగా అంత నొప్పుంటుందా?" అని అడిగాడు. వాడు చెడ్డవాడు కాదు. రెండు షిఫ్టులు చేసి వచ్చి, పక్కన నేల మీద పడుకుని, ఆమె కదిలినప్పుడల్లా లేచేవాడు. అలసిపోయాడు, అంతే. అయినా నా చేతిలో గరిటె ఉంది కాబట్టి వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. గుమ్మం అవతల నిలబడి ఆమె విన్నదని మాకు తరవాత తెలిసింది. ఆ రోజునుంచి తమ్ముడు ఇంట్లో ఉన్నంతసేపూ మూలుగు అనేది వినపడలేదు. వాడు డ్యూటీకి వెళ్ళాకే మూలిగేది.

జోడీ ఒకసారి చూడ్డానికి వచ్చింది. టీ ఇచ్చాను. గ్లాసు ఎడంచేత్తో అందుకుంది.

"నీకేమమ్మా, ఇంట్లో కూర్చున్నావు" అంది నా మరదలితో. "నీ వాటా కూడా నా నెత్తినే పడింది. ఈ భుజం చూడు, పైకి లేవట్లేదు. కొత్తవాళ్ళని పెడతామంటారు, పెట్టరు. నువ్వు ఎప్పుడొస్తావో చెప్పు ముందు."

నాకు ఒళ్ళు మండింది. మనిషిని చూడ్డానికొచ్చావా, అప్పు వసూలుకొచ్చావా అని అడగబోయాను. ఈలోపు నా మరదలు కుర్చీ వీపు పట్టుకుని లేచింది. లేచి, జోడీ వెనక నిలబడి, ఆ భుజం మీద బొటనవేలు పెట్టి మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది. "ఇక్కడా? ఇంకా కిందా?" అని అడుగుతోంది. జోడీ కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆ మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి. "నా మాటలు పట్టించుకోకే. ఎవరిమీద అరవాలో తెలీక నీ మీద అరిచాను" అంది. నేను గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆ సాయంత్రమంతా నా మరదలు చాప మీంచి లేవలేదు.

సెలవు ఎన్నాళ్ళని సాగుతుంది? చివరికి హోమ్ వాళ్ళు తేల్చి చెప్పారు. మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళాలి. ఇక ఈ పని చేయలేదని బోర్డు తేలిస్తే, నెలనెలా ఎంతో కొంత వస్తుంది, ఆ నడుం మిగులుతుంది. చేయగలదని తేలిస్తే మళ్ళీ వెళ్ళి ఎత్తాలి. ఎత్తనంటే ఉద్యోగమూ ఉండదు, ఏదీ రాదు. మా బతుకంతా ఆ ఒక్క మాట మీద వేలాడింది.

బోర్డుకి వెళ్ళేముందు నేను ఆమెను కూర్చోబెట్టి, తప్పు, నిలబెట్టి, పాఠం చెప్పాను. "చూడు పిల్లా, అడగనిదే అమ్మయినా పెట్టదు. రేపు ఒక్కపూట ఓర్చుకోవడం మానెయ్. నొప్పి పుడితే అరువు. లేవలేకపోతే లేవలేనని చెప్పు. బాగానే ఉన్నానండీ అన్నావో, నేను అక్కడే నీ గొంతు పిసుకుతాను." ఆమె బుద్ధిగా తలూపింది. "అబద్ధం చెప్పమంటున్నారా వదినా?" అని అడిగింది. "నిజమే చెప్పమంటున్నాను తల్లీ. నువ్వు ఇన్నాళ్ళూ చెబుతున్నదే అబద్ధం" అన్నాను.

బోర్డు గది పెద్దాసుపత్రిలో మేడ మీద. నడవలేనివాళ్ళని తేల్చే గది మేడ మీద ఎందుకు పెట్టారో ఆ పెట్టినవాళ్ళకే తెలియాలి. గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల డాక్టరు, కుర్రవాడే, మర్యాదస్థుడిలాగే ఉన్నాడు, బల్ల వెనక కూర్చుని ఒక్కొక్కరినీ పిలిపిస్తున్నాడు. బయట బల్లల మీద మాలాంటివాళ్ళందరం వరసగా కూర్చున్నాం. ఎవరి నొప్పి ఎక్కువో ఒకరినొకరు ఓరకంట చూసుకుంటున్నాం. నా మరదలు కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడింది.

మాకు ముందు ఒక పెద్దాయన. రెండు కర్రలతో వచ్చాడు. కొడుకేదో నకలు తీయించడానికి కిందికి వెళ్ళాడు. ఈలోపు బంట్రోతు ఆయన్ని పిలిచాడు. పిలుపు దాటిపోతుందేమోనన్న కంగారులో పెద్దాయన కొడుకు కోసం ఆగకుండా లేచాడు. ఒక కర్ర జారింది. మోకాళ్ళు మడతపడ్డాయి.

నేను అయ్యో అనేలోపే అంతా అయిపోయింది. నా మరదలు గోడ దగ్గర లేదు. ఆయన ముందుంది. తన పాదం ఆయన పాదాల మధ్య ఉంది, చేతులు ఆయన చంకల కింద ఉన్నాయి. ఆ బరువు తన మీదికి వాల్చుకుని, అరచుట్టు తిప్పి, బల్ల మీద దింపింది. "ఏం కాలేదు, ఏం కాలేదు. పట్టుకున్నాను" అంటోంది. పెద్దాయన వణుకుతూ ఆమె రెండు చేతులూ పట్టుకుని దండం పెట్టాడు. బల్లల మీదివాళ్ళంతా అమ్మయ్య అని ఊపిరి వదిలారు.

నేను ఊపిరి వదల్లేదు. తెరిచిన తలుపులోంచి డాక్టరు చూస్తున్నాడు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇది పుట్టుకతో వచ్చింది కూడా కాదు, ఆ పనిలో అలవడింది. మనం అయితే పడేవాణ్ణి చూసి కేక వేస్తాం. వాళ్ళు కేక వేయరు, చేతులు చాస్తారు. ఎత్తగలనా లేదా అని ఆలోచించే వ్యవధి ఉండదు. ఆలోచించే మనిషి ఆ పనికి పనికిరాదు.

మా వంతు వచ్చింది. డాక్టరు స్కాను చూశాడు. వంగమన్నాడు, కాలెత్తమన్నాడు, అన్నీ చూశాడు. చివరికి పెన్ను మూత తీసి ఆగాడు.

"అమ్మా, ఇందాక బయట ఆయన్ని మీరే లేపి కూర్చోబెట్టారు కదా?"

"పడిపోతున్నారండి."

"ఆయన బరువు మీకు తెలియలేదా? అప్పుడు నొప్పి వచ్చిందా?"

నేను గట్టిగా ఆమె మోచేయి గిల్లాను. చెప్పు, ప్రాణం పోయిందని చెప్పు. ఆమె కాసేపు ఆలోచించింది. ఆలోచించి, ఉన్నదే చెప్పింది.

"అప్పుడు తెలియలేదండి. తరవాత వస్తుంది."

"తరవాత అంటే?"

"రేపండి."

డాక్టరు చిన్నగా నిట్టూర్చాడు. నేను ఊరుకుంటానా? మొత్తం ఏకరువు పెట్టాను. చాప, దిండు, కాలి గోళ్ళు, అన్నీ. ఆయన ఓపిగ్గానే విన్నాడు. "మీరు చెప్పేది కాదనడం లేదండీ. స్కానులో ఇలాంటివి చాలామందికి ఉంటాయి, పనులు చేసుకుంటూనే ఉంటారు. కాని నేను కళ్ళతో చూశాను. చూసినదాన్ని చూడనట్టు ఎలా రాయను?" అన్నాడు. మర్యాదగా గొంతు కోశాడు. పని చేయగలదని రాశాడు.

ఆ నొప్పి పిలవని చుట్టంలాగా ఒకరోజు ఆలస్యంగా వచ్చి, వచ్చాక కదలదు. మర్నాడు ఆమె మంచం దిగలేదు. ఆ తరవాత చాలారోజులు నేనూ తమ్ముడూ పట్టుకుంటేనే బాత్రూముకి వెళ్ళింది. ఆ కుర్ర డాక్టరుని చెవి పట్టుకుని లాక్కొచ్చి ఈ మంచం పక్కన నిలబెడదామనిపించింది నాకు. ఇవాళ్టి నడుం చూసి రాసేశాడు, రేపటి నడుం ఎవడు చూస్తాడు? మళ్ళీ చూడమని అర్జీ పెట్టుకోవచ్చట, దాని వంతు ఎప్పుడొస్తుందో బంట్రోతుకి కూడా తెలియదట. హోమ్‌కి వెళ్ళి, ఎత్తని పనేదైనా ఇవ్వండి, బట్టలు మడత పెడుతుంది, తినిపిస్తుంది అని నేనే బతిమాలాను. జన్మలో ఎవరినీ బతిమాలని దాన్ని. సూపర్‌వైజరమ్మ సానుభూతిగానే మాట్లాడింది. "తేలిక పని అనేది మా దగ్గర లేదండీ. అయినా బాగానే ఉందని బోర్డే చెప్పింది కదా, మీరెందుకు భయపడతారు?" అంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నడుముకి బెల్టు కట్టుకుని మళ్ళీ బస్సెక్కింది నా మరదలు.

వాళ్ళ వార్డులో టీచరమ్మ అని ఒకావిడ ఉండేది. పెళ్ళి చేసుకోలేదు, బంధువంటే ఒక అన్న కొడుకు. పిట్టంత మనిషి, కొడితే పొడి రాలుతుందేమో అన్నట్టుండేది. నోరు మాత్రం నా నోటికి అక్క. దుప్పటి అంచు వంకరగా ఉన్నా ఊరుకునేది కాదు. నా మరదలు సెలవులో ఉన్నంతకాలం ఎవరొచ్చి లేపినా, మా క్రేను ఎక్కడ, మా క్రేను ఎప్పుడొస్తుంది అని ప్రాణం తీసేదట. తిరిగి వెళ్ళిన రోజున ఆవిడ నా మరదలి చెంప నిమిరి, సెలవు మీద వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళాలని తెలియదా అని కోప్పడిందట. ఆ సంగతి చెబుతూ నా మరదలు ఎన్నాళ్ళకో నవ్వింది.

కొద్ది రోజులు ఎలాగో నడిచింది. జోడీ బరువైనవాళ్ళని తన వైపు తీసుకుని, తేలికైనవాళ్ళని ఈమెకు వదిలేది. తరవాత జోడీ భుజం పూర్తిగా పట్టేసింది, ఆమె కూడా సెలవు పెట్టింది. కొత్త మనిషిని పెట్టలేదు. గోడ మీద ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

ఒక పొద్దున టీచరమ్మ గంట కొట్టింది. బాత్రూముకి వెళ్ళాలి. నా మరదలు కింది అంతస్తుకి ఫోను చేసి, ఇంకొకరిని పంపండి అని అడిగింది. వస్తున్నారు, ఆగమన్నారు. ఆగింది. మళ్ళీ చేసింది, మళ్ళీ ఆగమన్నారు. టీచరమ్మ మొహం ఎర్రబడిపోయింది. పక్క తడుపుకోవడం కన్నా చావు నయమనుకునే మనిషి ఆవిడ. "నేనేం ఏనుగునా? నువ్వొక్కదానివి చాలవా?" అంది. ఆ మాటలో అధికారం లేదట, ఏడుపు ఉందట. ఆ హోమ్ మొత్తం మీద తేలికైన మనిషి ఆవిడే. నా మరదలు ఎత్తింది.

సగం తిప్పేసరికి కుడికాలు ఉన్నట్టుండి లేకుండా పోయింది. నొప్పి కాదట, కాలే లేనట్టయిందట. ఇద్దరూ పడిపోయారు. టీచరమ్మ కింద, ఈమె పైన. ఆవిడ తుంటి ఎముక విరిగిన చప్పుడు నాకూ వినిపించేటట్టు చెప్పింది నా మరదలు. నేను వద్దు ఊరుకోమన్నా చెప్పింది. నా మరదలు పక్కకి దొర్లగలిగింది గాని లేవలేకపోయింది. ఇద్దరూ నేల మీద పక్కపక్కనే పడి ఉన్నారు. టీచరమ్మ నీలంగా మారిపోయిన పెదవులతో ఇటు తిరిగి, "నీకేమైనా తగిలిందా?" అని అడిగింది. ఎవరో వచ్చేదాకా అదే అడుగుతూ ఉందట.

ఆ వయసులో తుంటి విరిగితే మంచమే గతి. ఆపరేషను తట్టుకోలేదన్నారు. కొన్ని వారాలకి టీచరమ్మ పోయింది. నా మరదలు చూడ్డానికి వెళ్ళే స్థితిలో లేదు, తనే ఇంకో ఆసుపత్రిలో వెల్లకిలా పడుంది. కుడికాలు తిరిగి రాలేదు.

అన్న కొడుకు వచ్చి హోమ్ మీద గొడవ చేశాడు. చేయాల్సిందే, అతన్ని నేను తప్పుపట్టను. హోమ్ వాళ్ళు విచారణ పెట్టారు. ఆ విచారణలో ఏమన్నారో తెలుసా? నడుం బాగాలేదన్న సంగతి దాచిపెట్టి ఈమె డ్యూటీలో చేరిందట. పని చేసే స్థితిలో లేకుండానే రోగిని ఎత్తిందట. ఇన్నాళ్ళూ లేని నొప్పి ఉందంటోందన్నవాళ్ళే, ఉన్న నొప్పి దాచిందన్నారు. ఈ చెవులతో విన్నాను నేను. విని, ఆ గదిలో నా నోటికి వచ్చిందల్లా అన్నాను. వాళ్ళు కుర్చీల్లో వెనక్కి వాలి విన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అనలేదు. తమ్ముడు నన్ను చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. బయటికొచ్చాక వాడే గేటుకి తల ఆనించి ఏడ్చాడు. "నేను కూడా అడిగానే అక్కా, నిజంగా అంత నొప్పా అని" అన్నాడు.

దాచిందని రుజువు చేయాలి కదా, అందుకు వాళ్ళకి నొప్పి కావలసి వచ్చింది. హోమ్ వాళ్ళే ఏర్పాటు చేసి, తొందర చేయించి, మళ్ళీ బోర్డుకి పంపించారు. ఎన్నాళ్ళకి వస్తుందో తెలియదన్న వంతు చిటికెలో వచ్చింది.

అదే మేడ, అదే గది, అదే కుర్ర డాక్టరు. ఈసారి ఆమె చక్రాల కుర్చీలో ఉంది. నలుగురు పట్టి మేడ మీదికి చేర్చారు. వాళ్ళు ఎత్తుతున్నంతసేపూ కళ్ళు గట్టిగా మూసుకుంది. డాక్టరు కొత్త స్కాను చూశాడు. సుత్తితో మోకాలి మీద తట్టాడు. కాలు కదల్లేదు. ఇంకేమీ అడగలేదు. ఇక ఏ పనీ చేయలేదని, శాశ్వతంగా అని రాసి సంతకం పెట్టాడు. మేం ఇన్నాళ్ళు ఎదురుచూసిన మాట అదే. పెన్ను మూత పెడుతూ, "నెలనెలా వచ్చేదానికి ఇక అడ్డు ఉండదమ్మా" అన్నాడు. తలెత్తి ఆమె మొహం చూడలేకపోతున్నాడు.

"ఒక్క మాట అడగొచ్చా అండీ?" అంది నా మరదలు.

"అడగండి."

"ఈ మాట మొదటిసారే రాసుంటే టీచరమ్మగారు ఉండేవారు కదా?"

నోరెత్తని మనిషి అలా అడగడం నేను ఎన్నడూ చూడలేదు. నిలదీసినట్టు కూడా అడగలేదు. తనకి నిజంగానే తెలియక, తెలిసినవాళ్ళని కనుక్కుంటున్నట్టు అడిగింది. డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు మీరు ఆ పెద్దాయన్ని ఎత్తారు కదమ్మా. నేను చూశాను కదా" అన్నాడు.

నేను లేచాను. ఇన్నాళ్ళూ దాచుకున్న మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎత్తానండి" అంది. "ఆయన్ని పడిపోనిచ్చి ఉంటే మీరు నన్ను నమ్మేవారు."

బంట్రోతు తరవాతివాళ్ళని పిలిచాడు, నేను కుర్చీ తిప్పి ఆమెను బయటికి తీసుకొచ్చాను.